బారువ నీళ్లలో లాగ్‌బుక్ లెక్కలు

వంశధారలోనో నాగావళిలోనో ఎవరైనా గల్లంతైతే మర్నాటి పేపర్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: గజ ఈతగాళ్లతో గాలింపు చేపట్టారు. గొట్టా బ్యారేజీ దిగువన, తోటపల్లి దగ్గర, కళ్లేపల్లి మొగలో అలా దిగేవాళ్లలో చాలామందికి ఈత ఎవరూ కోర్సు పెట్టి నేర్పలేదు. నీళ్ల ఒడ్డున పుట్టారు, నీళ్లలో పెరిగారు. బురద నీళ్లలో ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని చేతులతో తడుముతూ వెతకడం వాళ్లకు వచ్చినట్టు స్విమ్మింగ్ పూల్లో పతకాలు కొట్టినవాళ్లకు రాదు. అలాంటి మనిషి వీపుకే నీళ్ల కింద పీల్చుకోవడానికి గాలి నింపిన స్కూబా సిలిండర్ కట్టి, ఏ శిక్షణా ఇవ్వకుండా 10 మీటర్ల లోతుకు పంపారనుకుందాం. అతనికున్న అలవాట్లలో అన్నిటికన్నా గట్టిది, ఇన్నాళ్లూ అతని ప్రాణం కాపాడింది, ఊపిరి బిగబట్టడం. అక్కడ ప్రాణం తీసేది అదే.

ఎందుకో అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. ఒడ్డున 5 లీటర్ల గాలి పీల్చి మునిగినవాడి ఛాతీలో ఆ గాలి 10 మీటర్ల దగ్గర రెండున్నర లీటర్లకు కుంచించుకుపోతుంది, పైకొచ్చేసరికి మళ్లీ 5 అవుతుంది. ఇందులో ప్రమాదం లేదు. సిలిండర్ గాలిని నోటికి అందించే స్కూబా రెగ్యులేటర్ పని వేరు. చుట్టూ నీటి ఒత్తిడి ఎంతుందో అంతే ఒత్తిడితో అది గాలినిస్తుంది. 10 మీటర్ల దగ్గర రెగ్యులేటర్ నుంచి నిండుగా పీల్చిన 5 లీటర్లను బిగబట్టుకుని పైకొస్తే, ఆ గాలి 10 లీటర్లు కావాలని చూస్తుంది. ఛాతీలో అంత చోటు లేదు. ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు చిట్లుతాయి, బుడగలు రక్తంలో కలుస్తాయి, మెదడు దాకా పోతాయి. దీనికి మహా లోతులేమీ అక్కర్లేదు, నిండు ఊపిరితో ఒకటిన్నర మీటర్ల నుంచి పైకొచ్చినా జరగవచ్చు. స్కూబా తరగతిలో మొట్టమొదటి నియమం ‘ఊపిరి ఎప్పుడూ ఆపొద్దు’ కావడం అందుకే.

ఇక్కడ ఈతగాడికి నైపుణ్యం లేదనడానికి వీల్లేదు. ఉన్న నైపుణ్యం వేరే పనికి సంబంధించింది. అనుభవం అనే మాట వాడేటప్పుడు ఈ సంగతి మరుగున పడిపోతుంది. ‘సముద్రం కొత్త కాదు’ అన్నంత మాత్రాన ఏ సముద్రం, దాంట్లో ఏ పని, ఏ లోతులో అన్న ప్రశ్నలు తీరిపోవు. డైవింగ్‌లో ఈ గందరగోళం ఇంకో మెట్టు పైకెక్కింది. అక్కడ అనుభవాన్ని లెక్కపెడతారు. ఎన్ని డైవ్‌లు చేశారు? 20, 50, 200. చేసిన డైవ్‌లన్నీ రాసుకునే లాగ్‌బుక్ తీసి చూపిస్తే మర్యాద దొరుకుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఈ గొడవ ఎందుకంటే, స్కూబా ఇక రుషికొండకో అండమాన్‌కో పరిమితమైన వినోదంలా లేదు. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం వరకు శ్రీకాకుళం తీరం 190 కిలోమీటర్ల పైచిలుకు. విజయనగరానిది 30 కిలోమీటర్ల లోపే, భోగాపురం, పూసపాటిరేగ మండలాల మేర. 1917లో మంటలు అంటుకుని శ్రీకాకుళం తీరంలోని బారువ దగ్గర మునిగిపోయిన చిల్కా అనే ఆవిరి ఓడ శకలాల కోసం విశాఖ నుంచి డైవర్లు వచ్చి దిగుతున్నారు. పూసపాటిరేగ మండలం చింతపల్లి వైపు రాళ్ల మీదా కన్ను పడింది. కొత్త చోట వ్యాపారం మొదలయ్యేటప్పుడు ఎవరిని నమ్మాలన్న ప్రశ్నకు తేలికైన జవాబు కార్డు, లాగ్‌బుక్. ఆ రెండూ ఏం చెబుతాయో, ఏం చెప్పవో చూడాలి.

కార్డు సంగతి ముందు. ప్రపంచంలో ఎక్కువమంది డైవర్ల జేబుల్లో ఉండేది పాడీ సంస్థ కార్డు. 1966లో అమెరికాలో జాన్ క్రోనిన్, రాల్ఫ్ ఎరిక్సన్ మొదలుపెట్టిన సంస్థ అది. ఓపెన్ వాటర్ అనే తొలి కార్డుకు బహిరంగ జలాల్లో చేయాల్సిన డైవ్‌లు 4. దాంతో 18 మీటర్ల వరకు వెళ్లవచ్చు. ఇంకో 5 డైవ్‌ల కోర్సు చేస్తే ‘అడ్వాన్స్‌డ్’, హద్దు 30 మీటర్లకు పెరుగుతుంది. అంటే జీవితంలో చేసినవి 9 డైవ్‌లే అయినా కార్డు మీద అడ్వాన్స్‌డ్ అనే అచ్చు పడుతుంది. పేరు పెట్టినవాళ్లకు మార్కెటింగ్ బాగా తెలుసు! డైవ్‌మాస్టర్ శిక్షణలో చేరడానికి 40 డైవ్‌లు, ముగించడానికి 60, ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు 100 ఉండాలి. తొలి కార్డు చేతికొచ్చాక కనీసం 6 నెలలు గడవాలన్నది ఇన్‌స్ట్రక్టర్‌కు పెట్టిన ఇంకో షరతు. ఈ మొదటి కార్డుకు గడువు తేదీ లేదు. లారీ డ్రైవర్ లైసెన్సుకైనా రెన్యువల్ ఉంది. 2012లో అండమాన్ దీవి హావ్‌లాక్‌లో నాలుగు డైవ్‌లు చేసి మళ్లీ నీళ్ల మొహం చూడనివాడు ఈ రోజుకీ సర్టిఫైడ్ డైవరే.

ఈ అంకెలు ఉత్త దండగ అనడం కూడా తప్పే. మొదటిసారి దిగినవాడి బుర్రంతా మాస్కులోకి వచ్చే నీళ్లు, చెవుల్లో నొప్పి, నోట్లో రెగ్యులేటర్, ఎటు పోతున్నాయో తెలియని కాళ్ల మీదే ఉంటుంది. పక్కన తోడొచ్చిన మనిషి ఉన్నాడో లేడో కూడా పట్టదు. పాతిక, ముప్పై డైవ్‌లు అయ్యేసరికి చాలామందికి ఇవన్నీ చేతికి అలవాటైపోతాయి. ఊపిరి నెమ్మదిస్తుంది, గాలి ఆదా అవుతుంది. బుర్ర ఖాళీ అవుతుంది. ఆ ఖాళీతోనే సిలిండర్‌లో గాలి ఎంతుందో చెప్పే గేజ్ చూడటం, తోడు మనిషిని కనిపెట్టుకోవడం, ప్రవాహం మారిందని పసిగట్టడం సాధ్యమవుతుంది. అనుభవం ఇచ్చే అసలు లాభం ఇదే. చిక్కేమిటంటే, ఖాళీ అయిన బుర్ర ఆ పనులు చేసి తీరుతుందన్న హామీ లేదు. ఫొటోలు కూడా తీసుకోవచ్చు.

పైగా లాగ్‌బుక్‌లో అంకె పక్కన రాయని విషయం ఒకటుంది: ఆ డైవ్‌ను నడిపింది ఎవరు? సెలవుల్లో వెళ్లే డైవర్లలో ఎక్కువమంది గైడ్ వెనకాల వరుసలో ఈదుతారు. ఎక్కడ దిగాలో, ఎప్పుడు వెనుదిరగాలో, పడవ ఎటుందో అన్నీ గైడే చూసుకుంటాడు. అలా 60 డైవ్‌లు చేసినవాడికి 60 సార్లు దిగిన అనుభవం ఉంది. ఒక డైవ్‌ను తన బాధ్యత మీద నడిపిన అనుభవం మాత్రం సున్నా. గైడ్ పక్కన లేని రోజే ఈ తేడా బయటపడుతుంది.

సముద్రం తప్పు దిద్దదు

అనుభవం మనిషికి పాఠం నేర్పాలంటే తప్పు చేసిన వెంటనే అది తప్పని తెలియాలి. మనస్తత్వ శాస్త్రంలో రెండు విరోధి పక్షాలకు చెందిన డానియల్ కానెమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి రాసిన పరిశీలనలో తేల్చింది ఇంచుమించు ఇదే. అనుభవజ్ఞుడి అంచనాను నమ్మాలంటే రెండుండాలి. ఆ రంగంలో స్థిరమైన క్రమం ఉండాలి. చేసిన అంచనా తప్పో ఒప్పో వెంటనే, స్పష్టంగా తెలిసే వీలుండాలి. రెండోది లేనిచోట ఏళ్లు గడిచేకొద్దీ పెరిగేది ధీమా మాత్రమే.

ఈ కొలత పెట్టి బారువ ఒడ్డున ఇద్దరు మనుషుల్ని చూడొచ్చు. ఒకరు ఫైబర్ బోటును కెరటాల్లోంచి దాటించే మత్స్యకారుడు. కెరటాలు గుంపులుగా వస్తాయి, గుంపుకీ గుంపుకీ నడుమ కాసేపు తెరిపి ఉంటుంది. ఆ తెరిపి కనిపెట్టి బోటును తోయాలి, ముక్కు కెరటానికి ఎదురుగా నిలపాలి, ఇంజను సమయానికి అందుకోవాలి. ఒక్క క్షణం తప్పితే బోటు అడ్డం తిరుగుతుంది, మనుషులూ వలలూ నీళ్లలో పడతాయి. తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది, పక్కనున్న పెద్దవాళ్లు అక్కడికక్కడే తిడతారు కూడా. వాడబలిజ, జాలరి కుటుంబాల్లో కుర్రాడు పదేళ్లలో వందలసార్లు ఈ పరీక్ష రాస్తాడు. అందుకే ‘ఈ రోజు వద్దు’ అని ఒడ్డున నిలబడి అతనన్న మాటకు విలువుంది. కారణం వివరించలేకపోవచ్చు, అంచనా మాత్రం నమ్మదగింది.

రెండో మనిషి డైవర్. సిలిండర్‌లో 50 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత, ఇంచుమించు ఒక వాతావరణ పీడనం) మిగిలేలా పైకి రావాలని నియమం. ఒకరోజు 20 బార్‌తో వచ్చాడు. ఏమీ కాలేదు. ఇంకోరోజు తోడు మనిషిని వదిలేసి అరగంట ఒంటరిగా తిరిగాడు, అప్పుడూ ఏమీ కాలేదు. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు మించకూడదని లోతునూ సమయాన్నీ లెక్కపెట్టే డైవ్ కంప్యూటర్ కూతపెట్టింది, పట్టించుకోలేదు, సాయంత్రం దాకా ఒళ్లు బాగానే ఉంది. సముద్రం అతన్ని తిట్టలేదు. లాగ్‌బుక్‌లో మూడు డైవ్‌లు పెరిగాయి, ‘ఏటవుద్దిలే’ అన్న నమ్మకమూ పెరిగింది. 1986 నాటి ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదాన్ని పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ ఈ జారుడునే వర్ణించారు. నియమం తప్పినా నష్టం జరగకపోతే, ఆ తప్పే కొన్నాళ్లకు కొత్త నియమమై కూర్చుంటుంది. అక్కడ దాన్ని మామూలు విషయంగా తీసుకున్నవాళ్లు కొత్తవాళ్లేమీ కారు, తలపండిన ఇంజనీర్లు.

అందుకని కొత్తవాడి భయం కొన్నిసార్లు పాతవాడి ధీమా కన్నా నయం. అలాగని కొత్తవాళ్లు భద్రంగా ఉంటారని కాదు. వినోద డైవింగ్ మరణాల మీద, డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 2008లో ప్రచురించిన విశ్లేషణ ఇక్కడ పనికొస్తుంది. 1992 నుంచి 2003 వరకు నమోదైన 947 మరణాల్లో గొలుసు ఎక్కడ మొదలైందో వాళ్లు వెతికారు. మొదటి కారణం తెలిసిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడంతో మొదలయ్యాయి. 20 శాతం ఎక్కడో చిక్కుకుపోవడంతో. పరికరాల సమస్యతో మొదలైనవి 15 శాతం. ఆ తర్వాత ప్రాణం మీదికి తెచ్చినది ఏమిటని చూస్తే 55 శాతం కేసుల్లో కంగారుగా పైకి రావడం. సొరచేప కథలు వినేవాళ్లకు నిరాశ కలగవచ్చు. గాలి అయిపోవడం అనేది గేజ్ వైపు కన్ను వేస్తే తప్పిపోయే ప్రమాదం. అది తెలియని సర్టిఫైడ్ డైవర్ ఎవరూ ఉండరు. తెలిసీ చూడకపోవడమే అసలు రోగం.

60 బార్ లెక్క

‘50 బార్‌తో పైకి రావాలి’ అన్న నియమాన్నే తీసుకుందాం. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు సరిపోతుంది అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. లెక్క వేసి చూడొచ్చు. మామూలు అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం 11 లీటర్ల పైచిలుకు, 200 బార్‌కు నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషానికి 25 లీటర్లు పీల్చే కొత్తవాడు 18 మీటర్ల దగ్గర, పీడనం 2.8 రెట్లు కాబట్టి, 70 లీటర్లు ఖర్చు పెడతాడు. 50 బార్ పక్కన పెడితే అతనికి మిగిలేది 24 నిమిషాలు. నిమిషానికి 14 లీటర్లతో సరిపెట్టుకునే స్థిమితపరుడికి అదే సిలిండర్ 40 నిమిషాల పైన వస్తుంది. ఇద్దరినీ జత కలిపితే గడియారం ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు చెడ్డ రోజు సంగతి. 18 మీటర్ల లోతులో ఒకరి గాలి ఆగిపోయింది, ఇద్దరూ ఒకే సిలిండర్ మీద పైకి రావాలి. కంగారులో మనిషికి నిమిషానికి 30 లీటర్లనుకుంటే ఇద్దరికీ 60. సర్దుకోవడానికి అడుగున ఒక నిమిషం: 168 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి రావడానికి 2 నిమిషాలు: సుమారు 228. ఒంట్లో చేరిన నత్రజని బయటికి పోయేలా 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్: 270. మొత్తం 666 లీటర్లు, అంటే 60 బార్. 50 బార్ చాలదు, సేఫ్టీ స్టాప్ వదులుకుంటే తప్ప. లోతు 30 మీటర్లయితే ఇంకా దారుణం. ఈ లెక్క వేయగలగడం ఒక సామర్థ్యం. ఒడ్డునే కూర్చుని వేసుకోవచ్చు, ఒక్క డైవ్ కూడా లాగ్‌బుక్‌లో పెరగదు. 300 డైవ్‌లు చేసి ఈ లెక్క ఒక్కసారీ వేయనివాళ్లు దొరకడం కష్టం కాదు.

నడుముకు కట్టుకునే సీసం బరువుల కథా అంతే. కొత్తవాడు మునగలేక అవస్థ పడుతుంటే ఇన్‌స్ట్రక్టర్ ఇంకో రెండు కిలోలు తగిలిస్తాడు, సమస్య తీరినట్టుంటుంది. ఆ అదనపు బరువును మోయడానికి, తేలేందుకు తొడుక్కునే జాకెట్‌లో ఎక్కువ గాలి నింపాలి. ఆ గాలి పైకొస్తుంటే పొంగుతుంది, దిగుతుంటే కుంచించుకుపోతుంది, మనిషి ఎక్కడా నిలవడు. మరోవైపు, సిలిండర్‌లో గాలికీ బరువుంది. 200 నుంచి 50 బార్‌కు వచ్చేసరికి 2 కిలోలు తేలికవుతుంది. కాబట్టి బరువు సరిచూడాల్సింది డైవ్ మొదట్లో కాదు, చివర్లో, దాదాపు ఖాళీ సిలిండర్‌తో 5 మీటర్ల దగ్గర కదలకుండా నిలవగలుగుతున్నాడో లేదో చూసి. ఐదేళ్లుగా అవే బరువులు కట్టుకుని దిగుతూ, ఒక్కసారీ ఇలా చూసుకోనివాడి అనుభవం అతని నడుముకే వేలాడుతూ ఉంటుంది.

లోతు తక్కువైతే పని తేలిక అనే భ్రమకు మందు కూడా ఇందులోనే ఉంది. గాలి పరిమాణంలో అన్నిటికన్నా పెద్ద మార్పు మొదటి 10 మీటర్లలోనే జరుగుతుంది, పీడనం అక్కడే రెట్టింపవుతుంది. 25 మీటర్ల దగ్గర నిలకడగా ఉన్నవాడు 4 మీటర్ల దగ్గర బెండులా తేలిపోవచ్చు. ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువగా, కెరటం ఊపు అడుగుదాకా తగిలే మన తీరంలో ‘ఇది చిన్న డైవే’ అనే మాటకు అర్థం లేదు.

ఏ నీళ్ల అనుభవం?

తెలుగువాళ్లలో ఎక్కువమందికి స్కూబా పరిచయమయ్యేది అండమాన్‌లో. వెచ్చటి నీళ్లు, మంచి రోజున 20 మీటర్ల అవతలి చేప కూడా కనిపించే తేట, పడవ మీంచి దిగడం, గైడ్. అక్కడ 30 డైవ్‌లు చేసినవాడు బారువ ఓడ దగ్గరికి వస్తే చాలావరకు మళ్లీ కొత్తవాడే. ఈ తీరంలో వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర, చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తాయి. వానాకాలంలో అవి మోసుకొచ్చే మట్టి తీరం వెంబడి పరుచుకుంటుంది. చూపు రెండు మూడు మీటర్లకు పడిపోయినచోట తోడు మనిషి చెయ్యి చాపినంత దూరంలో లేకపోతే లేనట్టే. నీళ్లలో పైకీ కిందికీ తేడా తెలియక కళ్లు తిరగడం అలాంటి చోటే మొదలవుతుంది.

మునిగిన ఓడ ఇంకో పాఠం. చేపలు చేరే చోటు కాబట్టి వలలూ అక్కడికే వస్తాయి, తెగినవి ఇనుముకు చుట్టుకుని ఉండిపోతాయి. నైలాన్ వల మసక నీళ్లలో కంటికి ఆనదు. పైన చెప్పిన 20 శాతం, చిక్కుకుపోవడంతో మొదలైన మరణాలు, ఇక్కడ గుర్తుంచుకోవాలి. వీపు మీది సిలిండర్ వాల్వ్‌కు వల తగులుకుంటే గింజుకోకుండా ఆగి, రెండడుగులు వెనక్కి జరిగి, అందే చోట పెట్టుకున్న కత్తితో కోసుకోవాలి లేదా తోడు మనిషి చేత కోయించాలి. కత్తి కాలి పిక్కకు కట్టుకుని సినిమా ఫోజు ఇచ్చేవాళ్లకు అది చిక్కుల్లో అందదని ఒకసారి ఒడ్డున సాధన చేస్తే తెలిసిపోతుంది. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను ఒక్కటి వచ్చినా అడుగున ఇసుక అటూఇటూ జరుగుతుంది. పోయినేడాది చూసిన ఓడ భాగం ఈ ఏడాది పూడిపోవచ్చు, పూడిన ఇనుము బయటపడనూ వచ్చు. అంటే ఈ చోటు మీద సంపాదించిన అనుభవానికి కూడా గడువుంది.

ప్రవాహం సంగతి చూస్తే, బంగాళాఖాతం పడమటి అంచున సాగే తీర ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు దక్షిణానికి నడుస్తుంది. ఒడ్డు దగ్గర గాలిని బట్టీ ఆటుపోట్లను బట్టీ మార్పులుంటాయి గానీ, పడవకు దూరమై పైకి తేలిన డైవర్ మార్చిలో ఇచ్ఛాపురం వైపు, నవంబర్‌లో భావనపాడు వైపు కొట్టుకుపోతాడని అనుకుని వెతకడం మొదలుపెట్టాలి. ఇది లాగ్‌బుక్ నేర్పదు. బోటు నడిపేవాడికి తెలుసు. కళింగపట్నం రేవులో ఏ నంబరు హెచ్చరిక ఎగురుతోందో, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఆ రోజు కెరటాల ఎత్తు ఎంతని చెప్పిందో కూడా అతను చూసుకునే బయల్దేరతాడు. విచిత్రమేమిటంటే డైవర్లు, మత్స్యకారులు ఒకే పడవలో ఉండి కూడా ఒకరి సామర్థ్యాన్ని ఒకరు అడగరు. డైవర్ దృష్టిలో అతను డ్రైవర్. అతని దృష్టిలో వీళ్లు పర్యాటకులు. నీళ్ల పైన అతని అంచనా, కింద డైవర్ అంచనా చెల్లాలి, ఈ హద్దు ఎవరు దాటినా ముప్పే. మత్స్యకారుడి అనుభవం నత్రజని విషయంలో అక్కరకు రాదు, ఎందుకంటే అది కంటికి కనిపించే కెరటం కాదు.

ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో బయటికి పోతుంది, గబుక్కున పైకొస్తే బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పి, తిమ్మిరి, నడవలేకపోవడం లాంటి లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా కనిపించవచ్చు. ఇంత ఆలస్యంగా జవాబు వచ్చే చోట ఏ శరీరమూ తనంతట తాను పాఠం నేర్చుకోలేదు, ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పట్టికను నమ్మాలి, కంప్యూటర్‌ను నమ్మాలి. ఉత్తరాంధ్రలో దీనికి ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. ఉదయం చింతపల్లిలో డైవ్, భోజనం అయ్యాక ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు. వచ్చే పర్యాటకుడికి ఇంతకన్నా మంచి ప్లాన్ ఉండదు. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, దారిలో సిమిలిగూడ స్టేషన్ 996 మీటర్లు. డైవింగ్ తర్వాత విమానం ఎక్కడానికి పెట్టిన జాగ్రత్తలు దాదాపు 600 మీటర్లు దాటిన ఏ ఎత్తుకైనా వర్తిస్తాయి: ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. ఎత్తెక్కేకొద్దీ చుట్టూ గాలి ఒత్తిడి తగ్గుతుంది, కారులో ఎక్కినా కొండ కొండే. అండమాన్‌లో 100 డైవ్‌లు చేసినవాడికి ఈ ఆలోచన తట్టకపోవడంలో వింత లేదు, అక్కడ డైవ్ చేసి సాయంత్రం కొండెక్కే పని పడదు.

అసలు పరీక్ష

మరి బారువలోనో చింతపల్లిలోనో డైవర్‌ను తీసుకెళ్లేవాళ్లు ఏం అడగాలి? ఎన్ని డైవ్‌లు అన్నది నాలుగో ప్రశ్నగా ఉంటే చాలు. ఆఖరిసారి ఎప్పుడు దిగారు, మసక నీళ్లలో దిగారా, గైడ్ లేకుండా ఇద్దరే దిగిన సందర్భం ఉందా అన్నవి ముందు రావాలి. ఏడాది గ్యాప్ ఉంటే మళ్లీ తక్కువ లోతులో ఒక పూట సాధన చేయించాలి. మాటలకన్నా నీళ్లలో పది నిమిషాలు ఎక్కువ చెబుతాయి. ఓడ దగ్గరికి వెళ్లే ముందు, అడుగు కనిపించే లోతులో, తాడు పట్టుకోకుండా 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు నిలవమనాలి. నిలిచి ఉండగానే మాస్కు పూర్తిగా తీసి మళ్లీ పెట్టుకోమనాలి. మాస్కు తీసిన ఆ కాసేపూ చూడాల్సింది మొహాన్ని కాదు, లోతును. మాస్కు మీద దృష్టి పెట్టగానే కొందరు తెలియకుండానే రెండు మీటర్లు పైకి లేచిపోతారు, కొందరు మునిగిపోతారు. రెండు పనులు ఒకేసారి పెట్టినప్పుడు ఏది జారిపోతుందో, చిక్కు వచ్చిన రోజున కూడా అదే జారిపోతుంది. తోడు మనిషికి గాలి ఇస్తూ పైకి రావడం, పైకి వచ్చేముందు నారింజ రంగు గుర్తు గొట్టాన్ని గాలితో నింపి నీళ్ల మీదికి పంపడం కూడా అలాగే చూడొచ్చు. ఇవన్నీ తొలి కోర్సులోనో ఆ తర్వాతి కోర్సులోనో నేర్పేవే, కొత్తవేమీ కావు.

కార్డు లేకుండా సరదాగా దిగే పర్యాటకుడి విషయం ఇంతకన్నా సూటిగా ఉంటుంది. 12 మీటర్లు దాటని ఆ పరిచయ డైవ్‌లో అతని దగ్గర సామర్థ్యం ఆశించకూడదు, భారమంతా ఇన్‌స్ట్రక్టర్‌దే. పాడీ ప్రమాణాల ప్రకారం సముద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ గరిష్ఠంగా నలుగురిని తీసుకెళ్లవచ్చు. ఆ సంఖ్య తేట నీళ్లకు. రెండు మీటర్ల చూపులో నలుగురిని ఒకరు కనిపెట్టుకోవడం కుదరని పని, ఒకరికి ఒకరు చొప్పున దింపే నిర్వాహకుడు డబ్బు నష్టపోతున్నాడంటే పని తెలిసినవాడని అర్థం.

ఒడ్డు మీది సామర్థ్యాన్ని ఎవరూ లాగ్‌బుక్‌లో రాయరు. ఊపిరితిత్తులు చిట్లినా, నత్రజని బుడగలు కట్టినా తొలి చికిత్స ఒకటే: పడుకోబెట్టి, నూరు శాతం ఆక్సిజన్ ఇస్తూ, మనిషిని మళ్లీ ఒత్తిడిలో ఉంచి బుడగలు కరిగించే ఒత్తిడి చాంబర్ ఉన్న ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరడం. ఆ ఫోన్ నంబరు ముందురోజే దగ్గరుండాలి. ఆక్సిజన్ మాస్కు పట్టడం డైవర్‌తో పాటు బోటు నడిపేవాడికీ, ఒడ్డున ఉండేవాళ్లకూ వచ్చి ఉండాలి. 10 లీటర్ల ఆక్సిజన్ సిలిండర్‌ను 150 బార్‌కు నింపితే 1,500 లీటర్లు, నిమిషానికి 15 లీటర్ల చొప్పున 100 నిమిషాలు వస్తుంది. బారువ నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైనే, విశాఖ ఇంకో వంద. పడవ ఒడ్డు చేరడానికి పట్టే సమయం కూడా కలుపుకుంటే, జీపులో ఉండాల్సింది ఒక సిలిండర్ కాదు, కనీసం మూడు.